తెరవని సంచి

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి హెప్సిబా నవల కథల యాప్‌లో నాలుగున్నర నక్షత్రాల దగ్గర ఉంది. ఆరుంబావుకి మూడుకి పడింది. ఆ ముప్పావుగంటలో ఆమె చేసిందల్లా యూనిఫాం ఉతికి ఆరేయడం, కుక్కర్ పెట్టడం.

ముందు ఫోనుదే తప్పనుకుంది. పోయిన నెల చేతిలోంచి జారి వెనక అద్దం పగిలితే, ఆస్పత్రి నుంచి తెచ్చిన ప్లాస్టరు రెండు వరసలు అంటించి వాడుతోంది. యాప్ మూసి మళ్ళీ తెరిచింది. మూడే. దాని కింద సన్నటి అంకెల్లో తొంభై ఒక్క రేటింగులు. మధ్యాహ్నం యాభై రెండే ఉన్నాయి. కొత్తగా పడ్డవి ముప్పై తొమ్మిది. అన్నీ ఒక్కొక్క నక్షత్రమే. ఎవరూ ఒక్క మాట రాయలేదు. పేర్లు కూడా లేవు, రీడర్ అనీ పక్కన ఏదో నంబరూ తప్ప.

ఆ కిందే పాత అభిప్రాయాలు ఎప్పటిలాగే ఉన్నాయి. 'సర్, నలభయ్యో భాగం చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, మీదే బాధ్యత.' 'డాక్టరే అనుకున్నా సర్, ఆయా అని తేలేసరికి నోట మాట లేదు.' 'క్యారియర్ అడుగు గిన్నెలో ఉంగరం! ఏం ట్విస్టండీ బాబూ.' హెచ్. డానియల్ అన్న పేరు చూసి అందరూ సర్ అనే రాస్తారు. ఆమె ఎప్పుడూ దిద్దలేదు.

'మూడో అంతస్తు ఉంగరం' అరవై మూడు భాగాలు. ఏడాదిన్నర పాటు హోసూరు రోడ్డు బస్సుల్లో, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో రాసింది. ఇప్పుడది యాప్ వాళ్ళ నేర నవలల పోటీలో ఉంది. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి నాలుగు నక్షత్రాలకి పైన ఉన్నవాటినే న్యాయనిర్ణేతలకి పంపుతారు. గెలిచినదాన్ని పుస్తకంగా అచ్చు వేస్తారు. కాగితం మీద, అట్ట వేసి. వెనక అట్ట మీద పెట్టడానికి ఒక ఫొటో కూడా ఆమె ఎవరికీ చెప్పకుండా తీయించుకుంది.

"ఎవరో కావాలని చేసినారు," అంది హెప్సిబా.

ఆమె భర్త డానియల్ నేల మీద కూర్చుని టేబుల్ ఫ్యాను జాలీ విప్పుతున్నాడు. బొమ్మసంద్రలో బేరింగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంట్లో ఏ మాట తప్పించుకోవాలన్నా స్క్రూడ్రైవరు తీస్తాడు.

"యాప్‌లో ఏదో బగ్ అయ్యుంటాది," అన్నాడు.

"ముప్పై తొమ్మిది మందికి ఒకే బగ్గా?"

అప్పుడే ఫోను కూసింది. చర్చి స్త్రీల సమాజం గ్రూపులో సుగుణమ్మ పెట్టిన మెసేజి. ముప్పై ఏళ్ళుగా సండేస్కూలు నడుపుతున్న మనిషి. సమాజానికి పెద్ద. హెప్సిబా పైకే చదివింది.

"సహోదరి హెప్సిబా పుస్తకం విషయంలో మనం చేయవలసింది ఈ సాయంత్రం ప్రార్థన కూడికలో చేశాము. సహకరించిన ముప్పై తొమ్మిది మందికి వందనాలు. మిగతాది ప్రభువు చూసుకుంటాడు."

రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంది చివర.

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. హెప్సిబా కదల్లేదు.

"ఇరవై ఏడో భాగం," అంది. "సంఘపెద్ద బైబిలు మీద చెయ్యిపెట్టి అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టు రాసినా కదా. అందుకు. కూడికలో కూర్చోబెట్టి, లెక్కపెట్టి మరీ. మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద నా గడ్డం పట్టుకుని ఏం తల్లీ చిక్కిపోయినావు అని అడిగింది ఆమే."

"మనోళ్ళు అట్ల చేయరులే."

"పుస్తకం నాదని వాళ్ళకెవరు చెప్పినారు? నా పేరే లేదు దాని మీద."

డానియల్ చేతిలో స్క్రూ జారి ఫ్యాను కింద దూరింది. దానికోసం వంగి చాలాసేపు వెతికాడు. "నాకేం తెలుసు," అన్నాడు నేల మీదికే.

ఆ పూట అన్నం ఆమె ఒక్క కంచంలోనే, తనకే వడ్డించుకుంది. అతనే లేచి పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున మూడో అంతస్తు వార్డులో హెప్సిబా ప్లాస్టరు ముక్కలు చించి ట్రాలీ అంచున వరసగా అంటిస్తోంది. రోజూ చేసే పనే. ఒక్కో ముక్క రెండంగుళాలు, సూది గుచ్చాక వెంటనే అందేట్టు. ఆ రోజు ఒక్కో ముక్కా చించుతుంటే చప్పుడుకి ఎదుటి మంచంలో ముసలాయన కళ్ళు తెరిచి చూశాడు.

"ఎవరి మీదమ్మా కోపం?"

"మీ మీద కాదులెండి. చెయ్యి వదులుగా పెట్టండి."

పది గంటలకి మల్లమ్మ టీ తెచ్చింది. అత్తిబెలె నుంచి వచ్చే ఆయా. పదేళ్ళుగా ఆ అంతస్తులోనే పని. చర్చికి కూడా వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది. ఇదివరకైతే గ్లాసు చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగి, పక్కన నిలబడి రెండు మాటలు చెప్పేది. ఓ వారం పది రోజులుగా ట్రాలీ మూల గ్లాసు పెట్టేసి పోతోంది. ఆ సంగతి హెప్సిబాకి ఇప్పుడే తట్టింది.

"మల్లమ్మా, ఆగు. నిన్న కూడికకి పోయినావా?"

"పోయినా సిస్టరమ్మా."

"నువ్వూ ఒక నక్షత్రం కొట్టినావా?"

మల్లమ్మ చేతిలో తడిబట్ట మడత పెట్టింది. "కొట్టినా."

"ఎందుకు?"

"పదహారో బెడ్డాయన పిలుస్తుండాడు," అని పోయింది. పదహారో బెడ్డాయన నిద్రపోతున్నాడు.

హెప్సిబా ఆ టీ తాగలేదు. సింకులో పోసి గ్లాసు కడిగి బోర్లించింది. మొహం మీదే కొట్టినా అని చెప్పింది. అంత ధైర్యం ఎవరిచ్చారో తెలుస్తూనే ఉంది.

రెండు గంటలకి డ్యూటీ మారింది. గేటు దగ్గర రోజూలాగే ఆయాల వరస. సెక్యూరిటీ హరీశ్ ముందున్న బల్ల మీద ఒక్కొక్కరే టిఫిను డబ్బా పెట్టి మూత తీస్తున్నారు. మల్లమ్మది నాలుగు గిన్నెల క్యారియరు. గొళ్ళెం విరిగితే పిడికి నీలం వైరు చుట్టుకుంది. ఆ వైరు విప్పి, గిన్నెలు నాలుగూ బల్ల మీద పరిచింది. హరీశ్ టార్చి వేసి అడుగు గిన్నెలోకి చూశాడు. చారు మరక, రెండు కరివేపాకు రెబ్బలు. సరేనని తలూపాక మల్లమ్మ గిన్నెలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి వైరు చుట్టడం మొదలుపెట్టింది. వెనక ఇంకా పన్నెండు మంది.

"హోగి సిస్టర్," మీరు పోండి అని కన్నడంలో అన్నాడు హరీశ్, డబ్బాల మీంచి చూపు తిప్పకుండానే.

హెప్సిబా పక్కనుంచి నడిచింది. సుగుణమ్మకి చెప్పాల్సిన మాటలు మనసులో ఒక్కొక్కటే పేర్చుకుంటోంది. బల్ల వైపు చూడలేదు.

మంగళవారం ఆ మాటలు ఫోనులో రాసుకుంది. బుధవారం వాటిలోంచి మర్యాదగా ఉన్నవి తీసేసింది. అదే రోజు బస్సులో కొత్త నవల మొదటి పేజీ రాసింది. అందులో ఒక సండేస్కూలు టీచరు కూడికలో కాఫీ తాగి, కప్పు కింద పెట్టకముందే చచ్చిపోతుంది. చందాపుర వచ్చేసరికి శవానికి పోస్ట్‌మార్టం కూడా అయిపోయింది. హెప్సిబాకి కాస్త ఆకలి వేసింది.

గురువారానికి ఇంకో ఇద్దరు అయిదేసి నక్షత్రాలిచ్చారు. అంకె మూడు దాటి కొంచెం జరిగింది. 'సర్, ఇంత మంచి కథకి ఎవరు సర్ ఇలా చేసింది, మీకు శత్రువులున్నారా?' అని ఒకరు రాశారు. ఉన్నారు, అని జవాబు రాసి, పంపకుండా చెరిపేసింది.

శుక్రవారం సాయంత్రం ప్రార్థన చందాపురలో సుగుణమ్మ ఇంట్లో. హెప్సిబా చెప్పులు విప్పేసరికే లోపల చాపలు నిండాయి. ముప్పై మందికి పైగా ఉన్నారు. గోడ వారన మల్లమ్మ. సుగుణమ్మ గడప దాకా వచ్చి రెండు చేతులూ చాపింది.

"రా తల్లీ. నీ కోసమే చూస్తుండాము. గెలిచినావా?"

హెప్సిబా ఆ చేతుల దగ్గరికి పోలేదు.

"అడగడానికి నోరెట్ల వచ్చింది పెద్దమ్మా మీకు? నా పుస్తకం నచ్చకుంటే నా మొహం మీద చెప్పండి. సంఘపెద్దను అట్ల రాసినందుకు కోపమొస్తే పిలిచి తిట్టండి. ఆడోళ్ళందరినీ కూర్చోబెట్టి, దేవుని పేరు చెప్పి, నా గొంతు నొక్కించినారే. ఏడాదిన్నర రాసినా నేను. నిలబడి రాసినా, బస్సులో. రేపు ఆరు గంటలకి అది చెత్తలోకి పోతాది. సంతోషమేనా?"

సుగుణమ్మ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. మెల్లగా దించింది.

"చెడగొట్టినామా?" అంది.

"ముప్పై తొమ్మిది మంది ఒక్కొక్క నక్షత్రం ఇస్తే ఏమవుతాది మరి?"

"ముప్పై తొమ్మిది నక్షత్రాలవుతాయి," అంది సుగుణమ్మ. "ఒక్కొక్కటే కదమ్మా ఇచ్చేది."

ఆమె అల్మారా తెరిచి సండేస్కూలు కార్డుల కట్ట తీసింది. ఒక్కో కార్డు మీద ఒక్కో పిల్లవాడి పేరు, కింద యాభై రెండు గళ్ళు. బైబిలు వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పిన వారానికి ఒక బంగారు నక్షత్రం అంటిస్తుంది. పక్కనే నక్షత్రాల పాకెట్టు.

"నా సొంత మనవరాలికి కూడా వారానికి రెండు అంటించలేదు నేను. మీ ఆయన ప్రార్థన చీటీ వేసినాడు, చూడు, 'హెప్సిబా పుస్తకానికి స్టార్లు కావాలి, అందరూ సాయపడండి' అని. తను అడిగినట్టు నీకు తెలియనీయొద్దని చెవిలో చెప్పినాడు, సిగ్గుపడతావంట. ఫోన్లలో ఆ యాప్ ఎక్కించడానికే గంట పట్టింది. నా ఫోనులో ఎక్కకపోతే పాటలన్నీ తీసేసినా. ఈ ఆదివారం ఇంకొకటి, పై ఆదివారం ఇంకొకటి, క్రిస్మస్‌కి నీ కార్డు నిండుతాదని చెప్పి ఉండా వీళ్ళకి."

చీటీ మీద అక్షరాలు డానియల్‌వే. 'స్టార్లు' కింద రెండు గీతలు గీశాడు.

హెప్సిబా చాప మీద కూర్చుంది. అయిదు రోజులుగా పేర్చిన మాటలన్నీ నోట్లో అలాగే ఉన్నాయి. ఎవరిని అనాలో తెలియలేదు.

"అయిదు నొక్కాల పెద్దమ్మా," అంది చివరికి. "ఒకటంటే బాగాలేదని."

"అయ్యో," అంది వెనక నుంచి ఎవరో. ఇంకెవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. సుగుణమ్మ మాత్రం నవ్వలేదు. ప్రార్థన తరవాత, ముందు ఫోన్లు అంది. రానివాళ్ళకి కబురు పంపింది. అరగంటలో ముప్పై తొమ్మిది ఫోన్లు చాప మీదికి చేరాయి. రబ్బరు బ్యాండు వేసినవి, మనవళ్ళ ఫొటోలున్నవి, సగం అద్దం నల్లబడినవి.

హెప్సిబా ఒక్కొక్కటే తీసుకుంది. యాప్ తెరవడం, తన పుస్తకం, ఒక నక్షత్రం మీద వేలు నొక్కిపట్టి అయిదో దాని దాకా లాగడం. నర్సు చెయ్యి కాబట్టి త్వరగానే అలవాటైంది. ప్రతి ఫోనులోనూ నక్షత్రాల కింద ఒక వాక్యం కనిపిస్తోంది. 'మీరు చదివింది: 0 శాతం.' మొదటి అయిదింటికీ పట్టించుకోలేదు. పదిహేనోదానికి చెయ్యి ఆగింది.

"ఒక్కరైనా చదివినారా పెద్దమ్మా?"

"మన పిల్ల రాసింది. చదివి మార్కులు వేయాలా ఏమి?" అంది సుగుణమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ. హెప్సిబా ఆ కాఫీ వైపు ఒకసారి చూసి, పక్కన పెట్టుకుంది.

ముప్పై ఎనిమిదో ఫోనుకి నీలం ప్లాస్టిక్ తొడుగు ఉంది. తెరిచింది. 'మీరు చదివింది: 100 శాతం.'

తలెత్తింది. గోడ వారన మల్లమ్మ ఆమెనే చూస్తోంది.

"అది మార్చొద్దు సిస్టరమ్మా," అంది.

"ఏమి?"

"వీళ్ళు తెలియక ఇచ్చినారు. నేను తెలిసే ఇచ్చినా."

చాపల మీద ఆడవాళ్ళు గోడ వైపు తిరిగారు.

"అరవై మూడు భాగాలు చదివి ఒక్కటా?" హెప్సిబా గొంతు మళ్ళీ లేచింది.

"చదివినందుకే ఆ ఒక్కటి. ఆ యాప్‌లో సున్నా లేదు."

"ఏం బాగాలేదో చెప్పు మరి."

"బాగలేదని ఎవరన్నారు. వార్డులో నీ ఫోనులో ఆ పేరు చూసి, నెల ముందే యాప్ ఎక్కించుకుని పదకొండు రోజులు బస్సులో చదివినా. ఒకసారి దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయినా. ఆ ఆయా, సిస్టరమ్మకి టీ తెచ్చేది, చక్కెర సరిపోయిందా అని అడిగేది, నేనే కదా అనుకున్నా. నీలం వైరు చుట్టిన నాలుగు గిన్నెల క్యారియరు మన ఆస్పత్రిలో ఇంకెవరికి ఉండాది? నా గురించి కూడా రాస్తారా అని సంబరమైంది. మా కోడలు అనితకి చదవమని నేనే ఇచ్చినా. చివరికొచ్చేసరికి నా డబ్బాలోంచి ఉంగరం తీసినావు."

"అది కథ మల్లమ్మా."

"కథే. అనిత కూడా కథే అనింది. అత్తా ఇది నీ డబ్బానే కదా అని నవ్వింది. దాని కమ్మలు ఎప్పుడూ కిటికీలో పెట్టి స్నానానికి పోయేది. ఆ మరుసటి రోజు నుంచి బీరువాలో పెట్టి తాళం వేసుకుంటా ఉండాది."

హెప్సిబా ఏదో అనబోయింది. మల్లమ్మ తన మాట ఆపలేదు. గొంతు పెంచనూ లేదు.

"ఇంకొకటి అడుగుతా. ఆయా డబ్బాలో ఉంగరం గేటు ఎట్ల దాటుతాది? హరీశు రోజూ తెరిపిస్తాడే. అడుగు గిన్నె కూడా టార్చి వేసి చూస్తాడు. పదేండ్లుగా తెరుస్తుండా, పదేండ్లుగా నువ్వు పక్కనుంచే పోతుండావు. దొంగ అయినోడు తెరవని సంచిలో పెడతాడు గానీ, రోజూ తెరిచే డబ్బాలో పెడతాడా? సూపర్ సూపర్ అని అంతమంది రాసినారు. ఒక్కరికీ తోచలేదే."

సుగుణమ్మ కలగజేసుకుంది. "పోనీలే మల్లమ్మా. అయిదు నొక్కేయనీ. మన పిల్ల."

"నేనెవరి పిల్లను పెద్దమ్మా?" అంది మల్లమ్మ.

హెప్సిబా ఆ ఫోను తిరిగి ఆమె చేతికిచ్చింది. నక్షత్రం ముట్టుకోలేదు. మిగిలిన ఒక్క ఫోను తీసుకుని అయిదు దాకా లాగింది. తన ఫోనులో చూస్తే అంకె నాలుగూ ముప్పావు దగ్గర ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు. సుగుణమ్మ స్తోత్రం అంది. పక్కన కాఫీ మీద మీగడ కట్టింది.

ఇంటికొచ్చాక డానియల్ గుమ్మంలోనే నిలబడ్డాడు, తిట్లు తినడానికి సిద్ధంగా.

"చీటీ బాగా రాసినావు," అంది హెప్సిబా, అతన్ని దాటుకుని పోతూ. "నువ్వు కూడా చదవలేదు కదా?"

అతను స్క్రూడ్రైవరు కోసం చూశాడు.

ఆమె బట్టలు మార్చుకోకుండానే మంచం మీద కూర్చుని అరవై ఒకటో భాగం తెరిచింది. ఒక్క ముక్క కోసం ఇంత రాద్ధాంతమా అన్న కోపంతో మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు క్యారియరు మూత తీస్తాడు. నీలం వైరు తనే రాసింది. విరిగిన గొళ్ళెం తనే రాసింది. ఆయాకి పేరు మాత్రం పెట్టలేదు. అరవై మూడు భాగాల్లో ఎక్కడైనా ఉందేమోనని వెనక్కి వెతికింది. ఆయా అనే ఉంది అంతటా.

శనివారం పది గంటలకి టీ వచ్చింది. ట్రాలీ మూల పెట్టి ఉంది. హెప్సిబా తాగింది. చక్కెర సరిపోయింది.

ఫోను వెనక ప్లాస్టరు అంచులు లేస్తున్నాయని పన్నెండింటికి ట్రాలీలోంచి కొత్త చుట్ట ఒకటి తీసి సంచిలో వేసుకుంది. నర్సులందరూ వేసుకునేదే. ఎవరూ అడగరు, రాసుకోరు. రెండు గంటలకి గేటు దగ్గర ఆయాల వరస. మల్లమ్మ నాలుగు గిన్నెలూ పరిచి నిలబడి ఉంది.

"హోగి సిస్టర్," అన్నాడు హరీశ్.

హెప్సిబా పోలేదు. సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది కూడా చూడు."

హరీశ్ టార్చి పట్టుకుని వెర్రినవ్వు నవ్వాడు. "నిమ్మదు యాకె సిస్టర్? మీది నేను చూసేదేమి? పోండి."

"చూడమంటున్నా కదా."

"సిస్టరమ్మా," అంది మల్లమ్మ, గిన్నెలు పేర్చుకుంటూనే. "వెనక పన్నెండు మంది నిలబడుండారు. బస్సు పోతాది మాకు. నువ్వు తెరవాల్సింది ఈడ కాదు."

వరసలో ఎవరో సన్నగా నవ్వారు. హెప్సిబా సంచి తీసుకుని బయటికి నడిచింది. ఎవరూ చూడని ప్లాస్టరు చుట్ట అందులో అలాగే ఉంది.

బస్టాపులో అరుగు మీద కూర్చుని యాప్ తెరిచింది. పుస్తకం జాబితాలో మూడో స్థానంలో ఉంది. ఆరింటికి ఇంకా మూడున్నర గంటలు. అరవై ఒకటో భాగం కింద 'సవరించు' అని ఉన్నచోట నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి: 'ఫలితాలు వచ్చేలోగా మార్పులు చేస్తే మీ రచన పోటీ నుంచి తొలగిపోతుంది. కొనసాగించాలా?'

కోపం పోలేదు ఇంకా. సుగుణమ్మ మీద ఉంది, డానియల్ మీద ఉంది, పొగిడినవాళ్ళందరి మీద కూడా ఉంది. మల్లమ్మ మీద అందరికంటే ఎక్కువగా ఉంది, ఆమె చెప్పింది నిజమైనందుకు. వెనక అట్ట కోసం తీయించుకున్న ఫొటో గుర్తొచ్చింది. అందులో భుజానికి ఈ సంచే ఉంది.

అవును, అని నొక్కింది. జాబితాలో నాలుగో పుస్తకం మూడో స్థానానికి జరిగింది. అంతే.

మల్లమ్మ వచ్చి అరుగు ఆ చివర కూర్చుంది. క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, వదులైన నీలం వైరు బిగించి చుట్టుకుంటోంది. హెప్సిబా క్యారియరు ఉన్న పేరాలన్నీ మెల్లగా చెరుపుతూ పోయింది. చివరికి ఖాళీ తెర మిగిలింది. కాసేపు దాన్నే చూసి, సంచిలో చెయ్యి పెట్టింది. ప్లాస్టరు చుట్ట తగిలింది. మధ్యలో బోలు. ఉంగరపు వేలు అందులో సరిగ్గా పట్టింది.

చెయ్యి బయటికి తీసి రాయడం మొదలుపెట్టింది.

'ఆ సాయంత్రం గేటు దగ్గర సిస్టర్ సంచిని ఎవరూ తెరవమనలేదు.'